ఇల్లు కట్టడానికి ఊళ్లో ఉన్న ఆర్కిటెక్ట్ సరిపోతాడా? గాల్వెస్టన్‌లో క్లేటన్ కట్టినవి చూశాక నా సమాధానం

మీరడిగింది ఇది: బందరు దగ్గర సొంతూళ్లో అమ్మానాన్నల కోసం ఇల్లు కడుతున్నారు. హైదరాబాద్‌లో పేరుమోసిన ఆర్కిటెక్ట్ చేత డిజైన్ చేయించాలా, ఊళ్లో ఎప్పట్నుంచో ప్లాన్లు గీస్తున్నాయన సరిపోతాడా?

ఊళ్లో ఆయన్నే పెట్టుకోండి. పదేళ్ల తర్వాత మీ స్లాబు పెచ్చులూడితే కిరాణా కొట్టు దగ్గర మీకు ఎదురుపడేది ఆయనే. ఆ మొహమాటం ముందు ఏ డిగ్రీ సర్టిఫికెట్టూ నిలవదు.

ఈ నమ్మకం నాకు నికోలస్ క్లేటన్ అనే ఒక ఆర్కిటెక్ట్ పనులు చూశాక గట్టిపడింది. ఈయన పేరు మనవాళ్లలో ఎవరికీ తెలియదు. అమెరికాలో కూడా టెక్సాస్ దాటితే తెలిసినవాళ్లు తక్కువే. మేం హ్యూస్టన్‌లో ఉంటాం. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని, పాత భవనాలు చూసి వాటి ఆరోగ్యం ఎలా ఉందో రిపోర్టు రాయడం నా ఉద్యోగం. దగ్గర్లోనే సముద్రం ఒడ్డున ఉన్న ఊరు గాల్వెస్టన్. ఇక్కడి తెలుగువాళ్లకి అదంటే బీచ్, అంతే. ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే పియర్‌ల్యాండ్‌లో మీనాక్షి గుడి, తర్వాత నాసా, ఒక ఆదివారం గాల్వెస్టన్. సీవాల్, అంటే సముద్రానికి అడ్డంగా కట్టిన గోడ, పక్కన కారాపి, నీళ్లలో కాళ్లు తడుపుకుని, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిని వెనక్కి వచ్చేస్తారు. నాలుగు వీధులు లోపలికెళ్తే పంతొమ్మిదో శతాబ్దపు ఊరు ఊరంతా నిలబడి ఉంది. అటు కన్నెత్తి చూసేవాళ్లు లేరు. ఇది నాకు చాలాకాలంగా ఉన్న బాధ.

క్లేటన్ 1840లో ఐర్లండ్‌లో, కార్క్ ప్రాంతంలో పుట్టాడు. చిన్నప్పుడే తల్లితో సిన్సినాటి వచ్చాడు. ప్లాస్టరింగ్ పని చేశాడు, రాయి చెక్కాడు, అంతర్యుద్ధంలో ఉత్తరాది నౌకాదళంలో పనిచేశాడు. 1872లో మెంఫిస్‌లోని ఒక కంపెనీ తరఫున గాల్వెస్టన్ వచ్చాడు. అక్కడ ఒక ప్రెస్బిటేరియన్ చర్చీ, ట్రెమాంట్ హోటలూ కడుతుంటే దగ్గరుండి చూసుకోవడానికి పంపారు. పనై పోయాక వెనక్కి వెళ్లలేదు. 1916లో చనిపోయేదాకా, అంటే 44 ఏళ్లు, అదే ఊరు. టెక్సాస్‌లో ఆర్కిటెక్ట్ పనినే వృత్తిగా పెట్టుకున్న తొలితరం వాళ్లలో ఈయనొకడు.

ఆ రోజుల్లో గాల్వెస్టన్ మామూలు ఊరు కాదు. హ్యూస్టన్ ఇంకా ఎదగలేదు, 1880 జనాభా లెక్కల్లో టెక్సాస్ మొత్తంలో పెద్ద నగరం గాల్వెస్టనే. పత్తి బేళ్లు ఆ రేవులోంచే ఓడలెక్కేవి. పత్తి వ్యాపారులు, బ్యాంకర్లు, లాయర్లు డబ్బు పట్టుకుని క్లేటన్ దగ్గరకే వచ్చారు. స్ట్రాండ్ వీధి చుట్టుపక్కల ఆయన ఆఫీసు భవనాలు ఇప్పటికీ ఉన్నాయి. 1882 నాటి ట్రూహార్ట్ ఏడ్రియన్స్ బిల్డింగ్ ముఖభాగం చాలా ఇరుకు. అంత ఇరుకు గోడలో రంగురంగుల ఇటుకతో ఆయన చేసిన పని చూస్తే, చోటు తక్కువైందని వంక పెట్టేవాళ్లు నోరు మూసుకోవాల్సిందే. 1884లో గాల్వెస్టన్ న్యూస్ పత్రికకి ఆఫీసు కట్టాడు. బ్రాడ్‌వే మీద వాల్టర్ గ్రెషమ్ అనే లాయరుకి రాయీ ఉక్కూ కలిపి ఓ కోటలాంటి ఇల్లు కట్టాడు. దాన్నిప్పుడు బిషప్స్ ప్యాలెస్ అంటారు, 1923లో క్యాథలిక్ చర్చి వాళ్లు కొని బిషప్‌కి నివాసంగా ఇచ్చారు గనక ఆ పేరు. 1887లో మొదలుపెట్టి అయిదారేళ్లు కట్టారు. 2,50,000 డాలర్లు అయిందంటారు. 1950ల్లో అమెరికన్ ఆర్కిటెక్టుల సంస్థ దేశంలో చెప్పుకోదగ్గ వంద కట్టడాల్లో దాన్నీ చేర్చింది. టికెట్ కొంటే లోపలికి పోనిస్తారు. ఎనిమిది పలకల మెట్ల బావి దగ్గర నిలబడి తల పైకెత్తండి, ఆ చెక్కపని వర్ణించడం నావల్ల కాదు.

నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైంది ఓల్డ్ రెడ్. 1891లో వైద్య కళాశాల కోసం కట్టిన ఎర్ర భవనం. ఇప్పటికీ యూనివర్సిటీ ఆసుపత్రి ఆవరణలోనే ఉంది, చుట్టూ పొడుగాటి కొత్త భవనాలు. మా నాన్నని అక్కడికి తీసుకెళ్లిన రోజు గురించి చెప్పాలి.

నాన్న తాపీ మేస్త్రి. మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి అప్పుడప్పుడే తాపీ చేతికొచ్చింది. తాడిచెట్టు ఎత్తు అల వచ్చిందని మా నాయనమ్మ చెప్పేది. వేలమంది పోయారు. ఆ తర్వాత అక్కడ కాలనీ ఇళ్లూ, తుఫాను షెల్టర్లూ కట్టారు, నాన్న పని నేర్చుకున్నది ఆ సైట్ల మీదే. అమెరికా వచ్చాక ఆయనకి ఇక్కడేదీ ఆనలేదు. ఇళ్లన్నీ చెక్క, గోడ మీద గుద్దితే డొల్ల చప్పుడు. "ఇదేం ఇల్లే, అట్టపెట్టె" అని తీసిపారేసేవాడు. మాల్స్‌కి తీసుకెళ్తే కుర్చీ వెతుక్కుని కూర్చునేవాడు.

ఓల్డ్ రెడ్ ముందు కారు దిగాడు. దిగి, నాకోసం ఆగకుండా గోడ దగ్గరికి నడిచి వెళ్లిపోయాడు. ముందు అరచెయ్యి ఆనించాడు. తర్వాత చూపుడువేలి గోరుతో ఇటుకకీ ఇటుకకీ మధ్య సందులో గీశాడు. గోరు పట్టే సందు కూడా లేదు. అచ్చులో నొక్కి చేసిన ఇటుక అది, అంచులు కత్తితో కోసినట్టున్నాయి, మధ్యలో మాలు సన్నటి గీతలా ఉంది. అలా పక్కకి జరుగుతూ గుండ్రంగా ముందుకొచ్చిన మూల దాకా వెళ్లాడు. అక్కడ వంగి, కింద రాతి వరస నుంచి పైకి ఒక్కో ఇటుకా లెక్కపెట్టడం మొదలెట్టాడు. పెదాలు కదులుతున్నాయి. కిటికీ అడుగు దాకా లెక్కపెట్టి, పక్క కిటికీ దగ్గరికి పోయి మళ్లీ లెక్కపెట్టాడు. కళ్లజోడు తీసి ఆర్చీ వైపు చాలాసేపు చూశాడు.

"అమ్మాయ్, ముక్క ఇటుక ఏదన్నా కనపడిందా నీకు?" అన్నాడు.

వెతికాను. మేం చూసినంత మేరలో ఎక్కడా లేదు. కిటికీ వెడల్పు ఇటుక కొలతలో పడింది, ఎత్తు ఇటుక వరసలో పడింది. గుండ్రటి మూలకి గుండ్రటి ఇటుకే పోయించారు. మేస్త్రి బసూలాతో ఇటుక కొట్టాల్సిన అవసరం రాలేదు.

"గీసినోడెవడో గానీ తాపీ పట్టినోడే. టేబులు ముందు కూర్చున్నోడికి ఇది తెలవదు."

ప్లాస్టరింగ్ పనిలోంచి వచ్చాడని చెప్పాను. నాన్న తలూపాడు. అందులో ఆయనకి ఆశ్చర్యమేమీ లేదు. సెక్యూరిటీ మనిషి వచ్చి ఏం కావాలని అడిగేదాకా అక్కడే ఉన్నాం. ఆయన కూడా మంచివాడు, నాన్న గోడ తడమడం చూసి, 2008లో ఐక్ తుఫాను వచ్చినప్పుడు కింది అంతస్తు మునిగిందని తనే చెప్పాడు. "మునిగితే ఏమైంది, నిలబడిందిగా" అన్నాడు నాన్న తెలుగులో. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. మన దగ్గర ఇప్పుడు వచ్చే డ్రాయింగులు చూస్తే కడుపు మండిపోతుంది. కంప్యూటర్లో కిటికీని ఎక్కడ పడితే అక్కడికి లాగి పెట్టేస్తారు. ఇటుక సైజెంతో గీసేవాళ్లకి పట్టదు. సైట్‌లో మేస్త్రి ముక్కలు కొట్టి సందుల్లో కుక్కి, పైన ప్లాస్టరింగ్ మందంగా వేసి కప్పెడతాడు. రెండు వానాకాలాలు పోయేసరికి కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు వస్తుంది. అప్పుడు తిట్లు మేస్త్రికి పడతాయి! నాన్న జీవితమంతా అలాంటి తిట్లు తిన్నాడు. మా సీమలో ఉప్పెన తర్వాత కట్టిన ఇళ్లలోనూ ఇదే గోల. ఎక్కడో దూరం నుంచి వచ్చిన కాంట్రాక్టరు ఒకాయన దగ్గర్లో దొరుకుతుంది కదా అని ఉప్పు ఇసుక వాడించాడు. ఉప్పు లోపలున్న ఇనుపచువ్వల్ని తినేస్తుంది, తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని బయటికి తోస్తుంది. స్లాబు పెచ్చులూడేది అందుకే. ఆ ఇసుక వద్దని ఊళ్లో ఏ మేస్త్రిని అడిగినా చెప్పేవాడు. అడగలేదు. పెచ్చులూడే నాటికి ఆ కాంట్రాక్టరు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

సముద్రపు ఊళ్లో కట్టడం వేరు. గాల్వెస్టన్‌కి ఆ పరీక్ష 1900 సెప్టెంబరు 8న వచ్చింది. ఊళ్లో అన్నిటికంటే మెరక ప్రదేశమే సముద్రమట్టానికి 9 అడుగుల లోపు. వచ్చిన ఉప్పెన 15 అడుగుల పైన. ఆరు వేల నుంచి ఎనిమిది వేల మంది దాకా చనిపోయారు. అమెరికా చరిత్రలో ప్రకృతి వైపరీత్యంలో ఇంతమంది పోవడం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. ఇది చదివినప్పుడల్లా నాకు మా నాయనమ్మ గొంతే వినిపిస్తుంది. కొట్టుకుపోయిన చెక్క ఇళ్లు ఒక గోడలా పేరుకుపోయి మిగతా ఊరి మీదకి తోసుకొచ్చాయి.

ఆ రాత్రి జనం ఎక్కడికి పరిగెత్తారో చూడండి. అర్సులైన్ సన్యాసినుల కాన్వెంటుకి దాదాపు వెయ్యి మంది చేరారు. ఆ ఆవరణలో పెద్ద స్కూలు భవనం, అర్సులైన్ అకాడెమీ, క్లేటన్ కట్టిందే. ఆ రాత్రే అక్కడ నలుగురు పిల్లలు పుట్టారంటారు. గ్రెషమ్ ఇంట్లో వందలమంది తలదాచుకున్నారు. ఓల్డ్ రెడ్ దెబ్బతింది గానీ నిలబడింది. క్లేటన్ కట్టినవన్నీ నిలిచాయని నేననను. సేక్రెడ్ హార్ట్ చర్చి కూలిపోయింది. సెయింట్ పాట్రిక్స్ చర్చి గోపురం 220 అడుగులుండేది, అదీ పడిపోయింది. కానీ నా పాయింట్ అక్కడే ఉంది. ఆయన ఊరు వదిలి పోలేదు. సెయింట్ పాట్రిక్స్‌ని మళ్లీ కట్టింది ఆయనే. తను కట్టినవాటిలో ఏది నిలిచిందో, ఏది పడిందో, ఎందుకు పడిందో పొద్దున్నే లేచి చూసుకోవాల్సి వచ్చింది. న్యూయార్కులో కూర్చుని డ్రాయింగు పంపేవాడికి ఆ చదువు ఎక్కడ దొరుకుతుంది?

ఉప్పెన తర్వాత ఆ ఊరు చేసిన పని మన కోస్తా ఊళ్లన్నీ తెలుసుకోవాలి. 17 అడుగుల ఎత్తున సీవాల్ కట్టారు. అంతటితో ఆగకుండా 1903 నుంచి ఊరునే పైకి లేపారు. రెండు వేలకు పైగా కట్టడాల్ని జాకీల మీద ఎత్తి, కింద సముద్రపు ఇసుక నీళ్లతో కలిపి పంపులతో నింపారు. ఆ కాలమంతా జనం ఎత్తైన చెక్క నడవల మీద తిరిగారు. సెయింట్ పాట్రిక్స్ చర్చి బరువు 3,000 టన్నులు. దాన్ని 700 జాకీలతో అయిదడుగులు లేపారు, లోపల ప్రార్థనలు ఆపకుండానే. ఇది నాన్నకి చెబితే, మన దగ్గర జాకీలతో ఇళ్లు లేపే హర్యానా వాళ్లకి ఈ కథ చెప్పాలన్నాడు. మనవాళ్లు లేపుకునేది రోడ్డు దెబ్బకి. వేసిన ప్రతిసారీ పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకో పొర వేస్తారు, ఇళ్లు గుంటలో పడతాయి, వాన నీళ్లు వరండాలోకొస్తాయి. మీరు కట్టబోయే ఇంటికి బేస్‌మట్టం రోడ్డు కంటే కనీసం మూడడుగులు పైన పెట్టించండి. అడగకపోయినా చెబుతున్నాను.

మళ్లీ క్లేటన్ దగ్గరికి వస్తా. చివరి రోజులు బాగా జరగలేదు. 1890ల చివర్లో కౌంటీ కోర్టు భవనం కాంట్రాక్టు మీద గొడవ వచ్చి కోర్టుకెక్కింది. 1903లో దివాలా తీశాడు. ఉప్పెన తర్వాత ఊళ్లో పెద్ద పనులు ఇచ్చే డబ్బున్నవాళ్లూ తగ్గారు, వ్యాపారం మెల్లగా హ్యూస్టన్‌కి తరలిపోయింది. దొరికిన చిన్నాచితకా పనులు చేసుకుంటూ గడిపాడు. 76 ఏళ్ల వయసులో సొంత ఇంటి పొగగొట్టంలో పగులు ఉందేమోనని కొవ్వొత్తి పట్టుకుని చూస్తుంటే బట్టలకి నిప్పంటుకుంది. ఆ కాలిన గాయాల మీద న్యుమోనియా వచ్చి 1916 డిసెంబరు 9న పోయాడు. ఆ వయసులో పగులు ఉందేమోనని తనే వెళ్లి చూసుకున్నాడు, ఇంకెవరినీ పంపలేదు. పగుళ్లు చూడటమే నా ఉద్యోగం కాబట్టి ఇది చదివినప్పుడు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

భార్య మేరీ లొరీనా దగ్గర సమాధి మీద స్మారకం కట్టించడానికి డబ్బు లేదు. ఆ ఊరి యూదుల గురువు రబ్బీ హెన్రీ కోహెన్‌తో ఆ బాధ చెప్పుకుందట. ఆయనకి వేరే స్మారకం ఎందుకమ్మా, ఊరంతా ఆయనవే, వెళ్లి పునాదిరాళ్లు చదువుకో అన్నాడట రబ్బీ. ఈ కథ గాల్వెస్టన్‌లో అందరూ చెబుతారు.

మన పునాదిరాళ్లు చదివితే ఏముంటుంది? మంత్రిగారి పేరు, ఎమ్మెల్యేగారి పేరు, అధ్యక్షత వహించినవారు, విశిష్ట అతిథులు, ఓ పాతిక పేర్లు. గీసినాయన పేరు ఉండదు. కట్టిన మేస్త్రి పేరు అసలే ఉండదు. మా నాన్న చేతి మీదుగా లేచిన స్కూళ్లు, పంచాయతీ ఆఫీసులు దివిసీమలో ఎన్నో ఉన్నాయి, ఒక్క రాయి మీద కూడా ఆయన పేరు లేదు. ఇది అన్యాయం. మీ ఇంటి గేటు పక్కన చిన్న రాయి పెట్టించి, ఆర్కిటెక్ట్ పేరూ, మేస్త్రి పేరూ, సంవత్సరమూ చెక్కించండి. పెద్ద ఖర్చేం కాదు. పేరు పడుతుందని తెలిస్తే పని తీరే మారిపోతుంది.

పుస్తకాలదీ ఇదే వరస. మా ఇంజనీరింగ్ రోజుల్లో ఆర్కిటెక్చర్ చదివే స్నేహితుల పుస్తకాల్లో అమెరికా అంటే షికాగో, అక్కడ పేరు తెచ్చుకున్న ఆర్కిటెక్టులు సల్లివన్, రైట్. వాళ్లు గొప్పవాళ్లే, కాదనను. కానీ ఉప్పుగాలి, ఉక్కపోత, ఉప్పెన, ఈ మూడూ మన కోస్తాకీ గాల్వెస్టన్‌కీ ఉన్న సంగతులు. షికాగో మంచులో కట్టిన పాఠం మనకెంత పనికొస్తుంది? కాకినాడలో, బందరులో చదివే పిల్లలకి క్లేటన్‌ని ఒక్క క్లాసు చెప్పినా లాభమే.

డల్లాస్ వైపు ఉన్నవాళ్లకి కూడా ఒక మాట. డౌన్‌టౌన్‌లో ఎర్ర ఇటుకతో ఉన్న గ్వాడలూపే కెథడ్రల్ ఈయన డిజైనే. 1902లో తెరిచారు. అప్పట్లో గంటల గోపురం పూర్తి కాలేదు. క్లేటన్ గీసిన దాని ప్రకారమే 2005లో దాన్ని పూర్తి చేసి 49 గంటలు పెట్టారు. నూరేళ్ల తర్వాత వచ్చినవాళ్లు కూడా పాత కాగితాన్ని గౌరవించారు. అర్సులైన్ అకాడెమీకి ఆ అదృష్టం లేదు. 1900ని తట్టుకున్న భవనాన్ని 1961లో కార్లా తుఫాను తర్వాత బాగుచేయకుండా కూల్చేశారు. ఓల్డ్ రెడ్‌ని కూడా ఒక దశలో తీసేద్దామనుకున్నారు, ఊరివాళ్లు పట్టుబట్టి కాపాడుకున్నారు, 1980ల్లో బాగుచేశారు.

మీ సంగతి. ఊళ్లో ఆర్కిటెక్ట్‌ని కలిసినప్పుడు కంప్యూటర్లో బొమ్మలు చూపించమనకండి. ఆయన పది, పదిహేనేళ్ల కింద గీసిన ఇల్లు ఒకటి చూపించమనండి. వానలు పడే రోజుల్లో వెళ్లండి. సన్‌షేడ్ అడుగు భాగం, బాత్రూం వెనక గోడ, డాబా మీద నీళ్లు పోయే గొట్టం దగ్గర మూల, ఈ మూడు చోట్లా చెమ్మ ఉందేమో చెయ్యి పెట్టి చూడండి. ఆ ఇంటావిడని, వాళ్లాయన లేనప్పుడు, వంటింట్లో గాలి ఆడుతుందా అని అడగండి. ఆవిడ బాగుందంటే అక్కడే అడ్వాన్సు ఇచ్చేయండి.